"జైల్లనే మానేసిండు కదా మేడం!": అపోహలు - వాస్తవాలు

బెయిల్ మీద వచ్చినవాళ్ళ ఇంటివాళ్ళు మా డీఅడిక్షన్ (తాగుడు, మత్తు మాన్పించే) ఓపీలో అనే మాట ఎప్పుడూ ఒకటే: "ఐదు నెలల సంది చుక్క ముట్టలే మేడం. ఇంక మందులెందుకు?" విని విని రాస్తున్నాను.

అపోహ: జైల్లో అలవాటు పోయింది.

వాస్తవం: పోలేదు. దొరక్క తాగలేదు, అంతే. కోరిక అలాగే ఉంటుంది, తట్టుకునే టాలరెన్స్ మాత్రం పడిపోతుంది. అప్పట్లో రెండు క్వార్టర్లు తాగి నడిచి ఇంటికొచ్చిన మనిషి ఇప్పుడూ అంతే తాగితే స్పృహ తప్పొచ్చు, నిద్రలోనే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తు కోసం నొప్పి ఇంజెక్షన్లు, బ్రౌన్ షుగర్ (ఒక రకం హెరాయిన్) వాడినవాళ్ళకి పాత డోసుకే ఊపిరి ఆగిపోవచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ళ నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ళకి చావు ముప్పు మామూలు జనం కంటే 12.7 రెట్లు. ఎక్కువమందిని తీసుకుపోయింది ఓవర్‌డోసే. అక్కడి మత్తు వేరు, ఇక్కడి మత్తు వేరు. టాలరెన్స్ పడిపోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

రెండేళ్ళ కిందట ఒక పెద్దామె పాలిథిన్ కవర్ పట్టుకుని వచ్చింది. అందులో కొడుకు జైలు మందుల చీటీ, నాలుగు మాత్రలు మిగిలిన రేకు. రిలీజ్ ఆర్డర్ సాయంత్రం అందిందట. గేటు దగ్గరే దోస్తులు బండ్ల మీద ఉన్నారు. ఆ రాత్రి దావత్. తెల్లారి లేపితే లేవలేదు. ఆరు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. "జైల్లనే మంచిగుండె బిడ్డా" అని నా టేబుల్ మీద తలపెట్టి ఏడ్చింది. ఆమె తప్పేముంది? ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

అందుకని విడుదలైన రోజే, కాకపోతే మర్నాడు పొద్దున్నే తీసుకురండి. జైలు చీటీ పారేయకండి. స్కిజోఫ్రీనియాకో బైపోలార్‌కో లోపల మందులు నడుస్తుంటే ఆ డోసు చూసి మేం కొనసాగిస్తాం. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు.

అపోహ: కోర్టు ఆర్డర్ లేనిదే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చేర్చుకోరు, రేషన్ కార్డు లేకపోతే డబ్బు కట్టాలి.

వాస్తవం: రెండూ తప్పే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషి తన ఇష్టంతో తానే చేరవచ్చు. పేదలకు కార్డు ఉన్నా లేకున్నా సర్కారు దవాఖానాలో వైద్యం ఉచితం. తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకూ ఇదే చట్టం.

అపోహ: గంజాయి సంగతి డాక్టరుకి చెబితే పోలీసులకు పోతుంది.

వాస్తవం: మీ వివరాలు గోప్యంగా ఉంచడం చట్టం మా మీద పెట్టిన బాధ్యత. తక్కువ పరిమాణంలో మత్తుపదార్థం దొరికిన కేసు ఉండి, తనంతట తాను వైద్యానికి వచ్చిన వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మీ వకీలును అడగండి.

అపోహ: తెలియకుండా అన్నంలో కలిపే మందుతో మానిపించొచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. వాటిలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) ఉంటే, తెలియక పైన మద్యం తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు.

రాత్రి విడుదలై ఓపీ మూసి ఉంటే టెలిమానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తాగి పడుకున్న మనిషి లేపినా లేవకపోయినా, గురక వింతగా వినిపించినా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.