విదేశాంగ సేవ: మన జిల్లాలో అపోహలు, వాస్తవాలు

విదేశాంగ సేవలో పనిచేసి, రిటైరయ్యాక శ్రీకాకుళంలో స్థిరపడ్డాను. సివిల్స్‌కు చదివే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తరచూ అనే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: దౌత్యవేత్త ఉద్యోగమంటే విందులు, కరచాలనాలు.

వాస్తవం: విందులూ ఉంటాయి. అసలు పని ఎలా ఉంటుందో మన తీరగ్రామాలను అడగండి. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. జాబితాలో పేరుంటే చాలదు, ఆ మనిషి భారతీయుడేనని మనం ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ కోరే కాగితం ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి జిల్లాకు వచ్చి, చివరికి అతని గడప దగ్గరే తేలుతుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు, రాసుకునేవారు దాన్నే అసలు పేరనుకుంటారు. తండ్రి పేరు, ఊరి పేరు వేరే లిపిలో పడి రూపు మారిపోతాయి. వాటిని రేషన్ కార్డుతో, ఇరుగుపొరుగు మాటతో సరిచూసేది జిల్లా సిబ్బందే. ఇక్కడ వారం ఆలస్యమైతే అక్కడ ఒక మనిషికి జైల్లో ఇంకో వారం. కలెక్టరు గొప్పా, రాయబారి గొప్పా అన్న వాదన అందుకే నాకు రుచించదు.

అపోహ: ఎంబసీ తలచుకుంటే ఎవరినైనా జైలు నుంచి విడిపిస్తుంది.

వాస్తవం: 1963 వియన్నా ఒప్పందం ఖైదీని కలిసే హక్కు, న్యాయవాదిని ఏర్పాటు చేసే హక్కు ఇచ్చింది. అక్కడి కోర్టు తీర్పును మార్చే హక్కు ఇవ్వలేదు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం నుంచి గల్ఫ్ వెళ్లేవారు దయచేసి పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచి వెళ్లండి. ఆపదలో అధికారులు మొదట అడిగేవి అవే.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు సివిల్స్ అందదు.

వాస్తవం: పలాస మండలం పారసంబకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగులో రాసి, 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు సాధించారు. రెండో దశ రాతపరీక్ష మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు పేపరు గట్టెక్కితే చాలు, ఆ మార్కులు ర్యాంకుకు కలవవు. కష్టమల్లా మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్‌తోనే. ఆ ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది, కాబట్టి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే సాధన ఇప్పుడే మొదలుపెట్టండి.

విదేశాంగ సేవలో చేరినవారు ఎలాగూ ఒక విదేశీ భాష నేర్చుకోవాలి. మన జిల్లా పిల్లల్లో ఒకరైనా అరబ్బీ ఎంచుకోవాలని నా కోరిక. గల్ఫ్‌లో చిక్కుకున్న ఉద్దానం కూలీ తన కష్టం తెలుగులో చెబితే, దాన్ని అక్కడి అధికారికి నేరుగా వినిపించగల మనిషి కావాలి.