అడుగు బురదలో మిగిలిన సీజియం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఆరేసిన ట్రాల్ వలను దగ్గరికెళ్లి చూడండి. కన్నుల్లో ఎండిన బూడిదరంగు బురద, నలిగిన గవ్వ ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే బురద మెత్తటి పొడిగా రాలుతుంది. రొయ్యల కోసం సముద్రం అడుగును గీరుకుంటూ వచ్చిన వల అది. శ్రీకాకుళం తీరంలో ప్రతిపాదించిన కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా గాలి గురించి, నీళ్ల గురించి మాట్లాడుకుంటాం గానీ ఈ బురద మన మాటల్లోకి రాదు. ముందు రావాల్సింది ఇదేనని నా నమ్మకం.

ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని విండ్‌స్కేల్ కేంద్రం (ఇప్పటి సెల్లాఫీల్డ్) 1952 నుంచి అణు వ్యర్థ జలాలను గొట్టం ద్వారా ఐరిష్ సముద్రంలోకి వదిలింది. ప్రమాదం జరిగి కాదు, అనుమతితోనే. అంత సముద్రంలో కలిస్తే పలచబడిపోతాయన్నది అప్పటి లెక్క. 1970ల మధ్యలో ఆ విడుదల తారస్థాయికి చేరింది. ఆ నీళ్లలో సీజియం, ప్లుటోనియం లాంటి రేడియోధార్మిక పదార్థాలుండేవి. సీజియంలో ఎక్కువ భాగాన్ని ప్రవాహాలు మోసుకుపోయాయి గానీ, ప్లుటోనియం చాలావరకు దగ్గర్లోని బురద మేటలోనే ఉండిపోయింది. గొట్టం నుంచి వచ్చేది తగ్గించాక, ఆ బురదే వాటిని కొద్దికొద్దిగా తిరిగి నీళ్లలోకి వదలడం మొదలుపెట్టింది.

జపాన్‌లో 2011 మార్చి 11న భూకంపం, వెంటనే సునామీ. ఫుకుషిమా దాయిచిలో కరెంటు పోయి, చల్లబరిచే ఏర్పాట్లు ఆగి, మూడు రియాక్టర్ల ఇంధనం కరిగింది. కేంద్రం ముందున్న సముద్రంలో సీజియం ఏప్రిల్ మొదట్లో గరిష్ఠానికి చేరి, తర్వాత కొద్ది నెలల్లోనే బాగా పడిపోయింది. అక్కడే వెలువడిన మరో రేడియోధార్మిక పదార్థం అయోడిన్-131 అర్ధాయుష్షు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 8 రోజులే కాబట్టి అదీ త్వరగానే పోయింది. సీజియం-137 అర్ధాయుష్షు మాత్రం 30 ఏళ్లు. సముద్రంలో పడిన దానిలో అడుగుకు చేరింది కొద్ది భాగమే అయినా, చేరింది అంత తేలిగ్గా కదల్లేదు.

కారణం బంకమట్టి. అందులో అభ్రకంలా పొరలు పొరలుగా ఉండే ఖనిజాలుంటాయి. పొటాషియంలా నడుచుకునే సీజియం ఆ పొరల అంచుల్లో దూరి ఇరుక్కుంటుంది. ఇసుక దాన్ని అంతగా పట్టుకోదు. అందుకే ఒకే తీరంలో ఇసుక నేల ఒకలా, పక్కనే ఉన్న బురద పల్లం మరోలా కనిపిస్తాయి. పురుగులు, పీతలు బొరియలు తవ్వి పై మట్టిని కిందికి కలిపేస్తాయి. తుపాను అలలు దాన్ని మళ్లీ లేపుతాయి. కొండల మీద, అడవుల్లో పడిన సీజియాన్ని వానల్లో నదులు ఒండ్రుతో పాటు తెచ్చి పోస్తాయి. ఫుకుషిమా తీరంలో ఇవన్నీ జరిగాయి.

కేంద్రం నీళ్లు తోడుకునే కాలువ ముందున్న అడుగును 2012లో సిమెంటు కలిపిన మట్టితో కప్పారు. అయినా 2023 మేలో కేంద్రం రేవులో పట్టిన ఒక రాక్‌ఫిష్‌లో కిలోకు 18,000 బెకరెల్‌ల (బెకరెల్ అంటే రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) సీజియం తేలింది. జపాన్‌లో తినే చేపకు పరిమితి 100. కేంద్రంలో నిల్వ ఉన్న కలుషిత నీటిని శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం అదే ఏడాది ఆగస్టు 24న మొదలైంది, దానితో దీన్ని కలిపి చూడకూడదు. ఆ నీళ్లలో ప్రధానంగా ఉన్నది ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్, అది బురదను పట్టుకుని ఉండిపోయేది కాదు.

ఇక మన తీరం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. విశాఖ మర బోట్లు ఒడిశా దాటి కూడా వేటకు వెళతాయి, ఆ తీరం వాటి దారిలోనిదే. మన అడుగు మట్టి ఇప్పటికే పూర్తిగా ఖాళీ పలక కాదు. భీమిలి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దానిలో సహజంగా థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. 1950, 60లలో గాలిలో పేల్చిన అణుబాంబుల సీజియం ప్రపంచమంతటా రాలింది. బురదలో గొట్టం దించి తీసిన మట్టి కడ్డీలో, ఆ సీజియం ఎక్కువగా రాలిన 1963 నాటి పొరను దాన్ని బట్టే గుర్తుపడతారు. అలాంటి కడ్డీలు కొవ్వాడ నుంచి భీమిలి దాకా, రియాక్టరుకు పునాది పడకముందే తీయాలి. కొలిచిన అంకెలు జాలరి పేటల్లో తెలుగులో చదువుకునేలా పెట్టాలి. ఏది ముందునుంచీ ఉన్నదో, ఏది తర్వాత వచ్చిందో రేపు తేల్చాలంటే వేరే దారి లేదు.

ఫుకుషిమా జాలర్లు 2011లో వేట ఆపేశారు. 2012 జూన్‌లో ఆక్టోపస్‌లు, సముద్రపు నత్తలతో ప్రయోగాత్మకంగా మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కో రకాన్నీ కొలిచి, పరిమితికి లోపల ఉందని తేలాకే జాబితాలో చేర్చుకుంటూ పోయారు. ఆ ప్రయోగ వేట 2021 మార్చి దాకా సాగింది.