దిగులా, మతిమరుపా? పర్లాకిమిడి పెద్దవాళ్ల గురించి నేను రోజూ వినే అపోహలు

నేను సైకియాట్రిస్టుని. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో పెద్దవాళ్లు చాలామంది ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతారు. పిల్లలేమో సూరత్‌లోనో, విశాఖలోనో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు "అమ్మ అన్నీ మరిచిపోతోంది, డిమెన్షియానా?" అని, అంటే మతిమరుపు జబ్బేమోనని, కంగారుగా తీసుకొస్తారు.

అపోహ: డెబ్బై దాటాక మరిచిపోవడం మామూలే.
తెలిసినవాళ్ల పేరు కాస్త ఆలస్యంగా గుర్తుకురావడం మామూలే. రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తెలియకపోవడం మామూలు కాదు. ఈ రెంటికీ మధ్య డిప్రెషన్ ఉంటుంది. దిగులు పట్టిన మనసు ఎదుటివాళ్ల మాట సరిగా వినదు. విననిది గుర్తుండదు.

అపోహ: ఏడవట్లేదు కదా, డిప్రెషన్ ఎలా అవుతుంది?
మన పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. నిద్ర లేదంటారు, కాళ్లు పీకుతున్నాయంటారు, అన్నం సయించట్లేదంటారు. "ఏటో బాబూ, బుర్ర పనిసెయ్యట్లేదు" అంటారు. ఈ చివరి మాటొక్కటే పట్టుకుని ఇంట్లోవాళ్లు మతిమరుపని తేల్చేస్తారు.

అపోహ: జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తగ్గితే డిమెన్షియానే.
నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఎక్కువగా వాడే పరీక్షకు 30 మార్కులు. అందులో తేదీ అడుగుతారు, వందలోంచి ఏడేడు తీసేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు. బడికి వెళ్లని తెలుగావిడను ఇవన్నీ ఒడియాలో అడిగితే మార్కులెలా వస్తాయి? అలా 'డిమెన్షియా' అని రాయించుకుని వచ్చిన ఒకావిడను నేను తెలుగులో, కూరగాయల లెక్కలు పెట్టి అడిగాను. పైసా తేడా లేకుండా చెప్పింది. 'మనం ఏ రాష్ట్రంలో ఉన్నాం?' అంటే, "మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రా, ఇటేపు ఒడిశా. నీకేది కావాలి?" అంది. ఫుల్ మార్కులు వేశాను.

జవాబు చెప్పే తీరు కూడా గమనిస్తాం. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ప్రయత్నించకుండానే "తెలీదు" అని వదిలేస్తారు. డిమెన్షియాలో చాలామంది ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకుంటారు. ఇది ఆనవాలు మాత్రమే, దీన్నిబట్టి తేల్చేయకూడదు. చెవులు, కళ్లు సరిగా ఉన్నాయో చూడాలి. థైరాయిడ్, విటమిన్ బి12, సోడియం పరీక్షలు చేయించాలి.

అపోహ: డిప్రెషన్ తగ్గితే మతిమరుపు కూడా పూర్తిగా పోతుంది.
ఒకప్పుడు డాక్టర్లమూ ఇలాగే అనుకునేవాళ్లం. దీనికి 'సూడోడిమెన్షియా', అంటే ఉత్తుత్తి డిమెన్షియా, అని పేరు కూడా పెట్టారు. చాలామందికి మెరుగవుతుంది, నిజమే. కొందరికి మాత్రం మనసు తేలికపడినా ఆలోచనలో మందకొడితనం మిగిలిపోతుంది. వాళ్లలో కొందరికి తర్వాత నిజంగానే డిమెన్షియా వస్తుంది. ముసలితనంలో మొదటిసారి వచ్చిన డిప్రెషన్ ఒక్కోసారి దానికి తొలి సూచన. బీపీ, షుగర్ వల్ల మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నా రెండూ కలిసి రావచ్చు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ చెప్పిన 14 డిమెన్షియా ముప్పు కారణాల్లో డిప్రెషన్ ఒకటి. అందుకే "అమ్మ ఇప్పుడు నవ్వుతోంది సార్" అన్నా, ఆరు నెలలకు మళ్లీ రమ్మంటాను.

అపోహ: డిప్రెషన్ మందులు మతి పోగొడతాయి.
ఇందులో సగం నిజముంది. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి, తూలి పడేలా చేస్తాయి. ఇప్పుడు ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ మందులతో ఆ బాధ తక్కువ. కాకపోతే కొందరిలో సోడియం తగ్గుతుంది, మొదటి వారాల్లో రక్తపరీక్ష చేయించాలి. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పది రోజులకే మానేయకండి.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే అది వేరే సంగతి. ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "ఇంకెందుకు బతకడం" అంటుంటే చాదస్తమని కొట్టేయకండి, పక్కన కూర్చుని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నదీ అపోహే. రాత్రిపూటైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.