బెంగళూరు మేడ మీంచి గురుగ్రహం ఫొటో

బెంగళూరులో చుక్కలే కనబడవు, టెలిస్కోపు కొని ఏం చేస్తాం అన్న మాట ఇక్కడి తెలుగువాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) విషయంలో అది నిజమే. మారతహళ్లి మేడల మీంచి పాలపుంత జాడ కూడా దొరకదు. వీధుల్లో పసుపు సోడియం దీపాలున్న రోజుల్లో ఆ రంగును ఆపే ఫిల్టర్లతో కొంత నెట్టుకొచ్చేవాళ్లు. తెల్ల ఎల్‌ఈడీలు అన్ని రంగులూ వెదజల్లుతాయి కాబట్టి ఆ ఫిల్టర్లు ఇప్పుడు అంతగా అక్కరకు రావు. గురుడు, శని, చంద్రుడి సంగతి వేరు. ఊరి వెలుతురు వాటినేమీ చేయలేదు. వాటి ఫొటోను చెడగొట్టేది గాలి.

ఆ గాలి విషయంలో మనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది: 13 డిగ్రీల అక్షాంశం. 2019లో గురుడు బాగా దక్షిణాన ఉన్నప్పుడు లండన్‌లో 16 డిగ్రీల ఎత్తు దాటలేదు. బెంగళూరులో 54 డిగ్రీల దాకా ఎక్కాడు. 16 డిగ్రీల దగ్గర గ్రహకాంతి నడినెత్తిన కంటే మూడు రెట్లకు పైగా మందమైన గాలిని దాటి రావాలి. అంచులు ఎరుపు, నీలంగా విడిపోయేదీ అక్కడే. 2026 జనవరి 10న భూమికి సరిగ్గా సూర్యుడి ఎదుటి దిక్కున, మిథునరాశిలో ఉన్న గురుడు ఇక్కడ 80 డిగ్రీలు దాటాడు. హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరును వేధశాలకు ఎంచుకోవడంలోనూ ఈ తక్కువ అక్షాంశానికి పాత్ర ఉంది. దక్షిణాకాశం అక్కడి నుంచి బాగా అందుతుంది.

పద్ధతి ఇదీ: టెలిస్కోపుకు బిగించిన కెమెరాతో గ్రహాన్ని వీడియో తీసి, అందులో గాలి అదరని మంచి ఫ్రేములను ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫొటోగా చేస్తాం. మొదటి టెలిస్కోపుగా ఆరంగుళాల అద్దం, 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న డాబ్సోనియన్ (పెట్టెలాంటి పీఠం మీద చేత్తో తిప్పే టెలిస్కోపు) చాలు. ఇది ఎఫ్/8, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు ఎనిమిది రెట్లు. కెమెరా పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో దాన్ని ఐదుతో హెచ్చిస్తే కావలసిన ఎఫ్ సంఖ్య వస్తుంది. 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కు 14.5 అన్నమాట. 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసే కటకం) వేస్తే ఎఫ్/16, సరిపోతుంది. అప్పుడు ఒక్కో పిక్సెల్ పావు ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 14,400వ వంతు. గురుడు 180 పిక్సెళ్ల వెడల్పున పడతాడు. 5ఎక్స్ బార్లో కొంటే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేమీ రాదు, వెలుగు మాత్రం పలచబడుతుంది.

సాదా డాబ్సోనియన్‌కు మోటారు ఉండదు. 1,936 పిక్సెళ్ల సెన్సారును గురుడు అర నిమిషంలో దాటిపోతాడు. అందుకే కెమెరాను తిప్పి, గ్రహం జరిగే దారి సెన్సారు పొడవుకు సమాంతరంగా ఉండేట్టు బిగించాలి. 400 పిక్సెళ్ల ఎత్తున్న పట్టీని మాత్రమే రికార్డు చేయాలి. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు, వేగం సెకనుకు 100 ఫ్రేములు. అంత తక్కువ సమయంలో గ్రహం ఒక పిక్సెల్ కూడా జరగదు. హిస్టోగ్రామ్ (బొమ్మ వెలుగును చూపే గ్రాఫు) 60, 70 శాతం మధ్య ఉండేలా గెయిన్ (కెమెరా సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) పెంచుకోవాలి. గ్రహం దాటిపోగానే టెలిస్కోపును ముందుకు జరిపి మళ్లీ రికార్డు చేయాలి. ఇలా ఆరు సార్లు చేస్తే మూడు నిమిషాలు, 18,000 ఫ్రేములు, దాదాపు 14 జీబీ. యూఎస్‌బీ 3, ఎస్‌ఎస్‌డీ లేని ల్యాప్‌టాప్ ఇక్కడే ఫ్రేములు వదిలేస్తుంది.

మూడు నిమిషాలకే ఆపడానికి కారణం గురుడు తన చుట్టూ తాను తిరిగే వేగం. 9 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు. బింబం మధ్యలోని మచ్చ నిమిషానికి దాదాపు పావు ఆర్క్ సెకను జరుగుతుంది. ఆరంగుళాల అద్దం విడదీసి చూపగలిగేది 0.8 ఆర్క్ సెకను. మూడు నిమిషాలు దాటితే మచ్చలు పులుముకుపోతాయి.

మనకు వరమైన ఎత్తే డాబ్సోనియన్‌కు తలనొప్పి. నడినెత్తి దగ్గర గొట్టాన్ని అడ్డంగా తిప్పినా గ్రహం ఫ్రేములోకి రాదు, చక్రంలా గిరగిరా తిప్పుతూనే ఉండాలి. గురుడు 65, 70 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు రికార్డు ముగించుకోవడం మేలు. ఈక్వటోరియల్ మౌంట్‌కు (అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టి, ఆకాశంతో పాటు తిప్పే పీఠానికి) మరో చిక్కు. ధ్రువనక్షత్రం ఇక్కడ 13 డిగ్రీల ఎత్తులోనే ఉండి, పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంటుంది. కొన్ని మౌంట్లయితే 15 డిగ్రీల కిందికి దిగనే దిగవు. అలాంటప్పుడు స్టాండు ఉత్తరపు కాలును ఒక అంగుళం తగ్గిస్తే ఆ రెండు డిగ్రీలు వచ్చేస్తాయి. మౌంట్ అక్షం ధ్రువం వైపు ఉంటే చాలు, స్టాండు మట్టంగా ఉండక్కర్లేదు. బరువుల కడ్డీ స్టాండు కాలికి తగులుతుందేమో మాత్రం ఒకసారి చేత్తో తిప్పి చూసుకోవాలి.

ఇక మేడ. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. తెర మీద గురుడు నీళ్లలో నాణెంలా ఊగుతాడు. గ్రహం కనబడే దారిలో ఏసీ బయటి యూనిట్ ఉంటే చోటు మార్చాల్సిందే. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి అద్దాన్ని చల్లారనివ్వాలి. స్లాబు నడిమధ్యలో పెడితే మనిషి అడుగేసినా బొమ్మ అదురుతుంది. కింద పిల్లరు ఉన్న మూల వెతుక్కోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా మబ్బుల బెడద తక్కువ.

ఫోకస్‌ను గురుడి మీద పెడితే కన్ను మోసపోతుంది. పక్కనున్న ఉపగ్రహం మీద పెట్టి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా మర తిప్పాలి. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పట్టినా నష్టం లేదు.

ఇక సాఫ్ట్‌వేర్లు. రికార్డింగుకు షార్ప్‌క్యాప్. గ్రహాన్ని మధ్యకు తెచ్చి ఆరు ఫైళ్లను కలపడానికి పిప్. మంచి ఫ్రేములు ఏరి పేర్చడానికి ఆటోస్టాకర్ట్. గాలి నిలకడగా ఉన్న రాత్రి 40 శాతం, లేకపోతే 15 శాతం ఉంచుకోవాలి. తర్వాత బొమ్మలోని వివరాలకు పదును పెట్టడానికి రెజిస్టాక్స్‌లోని వేవ్‌లెట్ స్లైడర్లు. స్లైడరు ముందుకు జరిపే కొద్దీ మేఘాల పట్టీలు తేలుతుంటే ఆగబుద్ధి కాదు. బింబం అంచుకు లోపల పలచటి రెండో గీత తేలిందంటే హద్దు దాటినట్టే, ఆ గీత మాయమయ్యేదాకా స్లైడరు వెనక్కి జరపాలి.