సీఎస్ఈ అచీవ్‌మెంట్స్: ఫ్లెక్సీ మీద ఉండేవీ, ఫైల్లో ఉండేవీ

ఎంసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడేసరికి భీమవరం, అమలాపురం, కాకినాడ, తాడేపల్లిగూడెం ఏ రోడ్డెక్కినా ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలే. (పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయినా మన నోట ఎంసెటే.) వాటి మీద ఎక్కువగా కనిపించేది సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పిల్లల ఫొటోలు, ప్యాకేజీలు, పేటెంట్లు. నేను ఈ గోదావరి డెల్టాలోనే ఒక కాలేజీలో సీఎస్ఈ పాఠాలు చెబుతాను. ఏటా డిపార్ట్‌మెంట్ అచీవ్‌మెంట్స్ ఫైలు తయారుచేసే పని కూడా నా నెత్తినే ఉంటుంది. ఏ కాగితం ఉంటే ఏది ఫైల్లోకి ఎక్కుతుందో తెలుసు కాబట్టి, తల్లిదండ్రులు తరచూ అడిగేవి, పిల్లలు గట్టిగా నమ్మేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఫ్లెక్సీ మీద ప్యాకేజీ చూస్తే బ్రాంచి సంగతి తెలిసిపోతుంది

ఫ్లెక్సీ మీద వేసేది అత్యధిక ప్యాకేజీ. అది ఒక్కరికో ఇద్దరికో వచ్చింది. "మావాడికీ ఓ పది లక్షలదాకా వస్తుందా మాస్టారూ?" అని అడిగే నాన్నలకు నేను చెప్పేది ఒకటే: పై అంకె వదిలేసి మధ్య అంకె అడగండి. ఎన్ఐఆర్ఎఫ్ (కాలేజీలకు కేంద్రం ఇచ్చే) ర్యాంకింగులకు పంపే లెక్కల్లో మీడియన్ జీతం అని ఒక గడి ఉంటుంది. ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాడి జీతం అది. ఒకరికి 40 లక్షలొచ్చినా ఆ అంకె కదలదు. ఎన్ఐఆర్ఎఫ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీ తాను పంపిన డేటాను తన వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో పాసై బయటపడ్డారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నీ అందులో ఉంటాయి. కాకపోతే ఆ లెక్క బీటెక్ మొత్తానికి కలిపి ఉంటుంది, బ్రాంచిల వారీగా ఉండదు. సీఎస్ఈ లెక్క విడిగా కావాలంటే డిపార్ట్‌మెంట్‌నే అడగాలి. అడిగితే తప్పేం లేదు, ఫీజు కట్టేది మీరే.

ఇంకో రెండు తిరకాసులున్నాయి. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల నుంచి ఆఫర్ లెటర్లు వస్తే కొన్నిచోట్ల లెక్కలో మూడు పడతాయి. అందుకని "ఎన్ని ఆఫర్లు" అని కాకుండా "ఎంతమంది పిల్లలు" అని అడగండి. రెండోది శాతం. "90 శాతం ప్లేస్‌మెంట్" అన్నప్పుడు ఆ వంద ఎవరు? బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లను, పదో తరగతి నుంచి 60 శాతం లేనివాళ్లను ముందే పక్కనపెట్టి, మిగిలిన వాళ్లలో లెక్కేస్తే శాతం ఇట్టే పెరుగుతుంది. సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఏడాది చివర వస్తే వచ్చే బోనస్ కూడా ఆ మొత్తంలోనే ఉంటాయి. 12తో భాగించి నెల జీతం అనుకుంటే మొదటి నెలలోనే నీరసం వస్తుంది.

అపోహ: ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్ అంటే వీడియోలు చూస్తే ఇచ్చేది

ఇది తిరగబడిన అపోహ. ఫ్లెక్సీ మీద ఎవరూ వేయరు గానీ, నా దృష్టిలో మా పిల్లలు సాధించేవాటిలో విలువైనవి ఇవే. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమంలో పాఠం వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి, ఇన్విజిలేటర్ల ఎదుట కూర్చుని రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్టే లేదు. మొత్తం 60 దాటితే ఎలీట్, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్.

ఒక్క కిటుకు చెబుతాను. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. సర్టిఫికెట్ మీద ఆ 25కి ఎన్ని, ఈ 75కి ఎన్ని అని విడివిడిగా అచ్చేస్తారు. పైన 24, కింద 31 ఉంటే సంగతి అర్థమైపోతుంది. డేటా స్ట్రక్చర్స్‌లోనో, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోనో పరీక్ష మార్కు 60 దాటి తెచ్చుకున్న పిల్లకు నేను కళ్లు మూసుకుని రికమెండేషన్ లెటర్ రాసిస్తాను.

అపోహ: పేటెంట్ వచ్చిందంటే కొత్తది కనిపెట్టినట్టే

ఫైల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే పేజీ ఇదే. "పేటెంట్ వచ్చింది" అని ఎవరైనా స్వీట్ బాక్స్ తెస్తే ముందు నేనడిగేది: పబ్లిష్ అయిందా, గ్రాంట్ అయిందా?

దరఖాస్తు పెట్టాక వెనక్కి తీసుకోకపోతే 18 నెలలు నిండాక అది పేటెంట్ ఆఫీసు ప్రతి శుక్రవారం వెలువరించే జర్నల్‌లో పడుతుంది. అన్నాళ్లు ఆగలేనివాళ్లు ఫారం-9 పెడితే మామూలుగా నెల రోజుల్లోనే పడుతుంది. అప్పటికి ఆ దరఖాస్తును లోతుగా చదివినవాళ్లు ఎవరూ ఉండరు. పరీక్షించమని ఫారం-18తో వేరే అడగాలి. 2024 మార్చిలో మారిన నిబంధనల ప్రకారం ఆ తర్వాత పెట్టిన దరఖాస్తులకు దానికి 31 నెలల గడువు. అది పెట్టకపోతే దరఖాస్తు చచ్చిపోయినట్టే. పెడితే, ఎగ్జామినర్ పాత పేటెంట్లు, పేపర్లు తిరగేసి అభ్యంతరాలతో రిపోర్టు పంపుతాడు. దానికి జవాబు చెప్పి నెగ్గితే అప్పుడు గ్రాంట్. హక్కు 20 ఏళ్లు, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి.

ఖర్చు చూడండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకైనా, విద్యాసంస్థలకైనా దరఖాస్తు ఫీజు 1,600, ఫారం-9కి 2,500. అంటే 4,100 రూపాయలతో "పేటెంట్ పబ్లిష్డ్" అన్న కాగితం చేతికొస్తుంది. ఇదంతా తెలిసినవాళ్లు దీన్ని వ్యాపారం చేశారు. ఫస్ట్ పొజిషన్ ఇంత, థర్డ్ పొజిషన్ ఇంత అంటూ ఇన్వెంటర్ల పేర్లకు రేట్లు కట్టిన మెసేజ్‌లు లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తూనే ఉంటాయి. ఒకరినొకరు ఎన్నడూ చూడని పదిమంది, నాలుగు రాష్ట్రాల వాళ్లు, కలిసి ఒక "ఏఐ ఆధారిత పరికరం" కనిపెడతారు! ఈమధ్య బ్రిటన్ డిజైన్ రిజిస్ట్రేషన్లు కూడా తోడయ్యాయి. అక్కడి ఆఫీసు ఆ డిజైన్ కొత్తదా కాదా అని వెతకకుండానే నమోదు చేస్తుంది. పైగా డిజైన్ అంటే వస్తువు రూపానికి రక్షణ, పనితీరుకు కాదు. దాన్ని "అంతర్జాతీయ పేటెంట్" అని రాయడం తప్పు. నేను ఫైల్లో రాయను, అందుకు కొందరికి నా మీద కోపం.

సీఎస్ఈ వాళ్లకు ఇంకో గోడ ఉంది. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, అల్గారిథమ్‌కు, లెక్కల పద్ధతికి పేటెంట్ ఇవ్వరు. ప్రోగ్రామ్ వల్ల ఏదో సాంకేతిక ఫలితం కలిగిందని నిరూపించాలి. అందుకే మా బ్రాంచిలో గ్రాంట్ అయిన పేటెంట్ ఒక్కటి ఉన్నా దానికి విలువ ఉంది. దరఖాస్తు నంబరు అడిగి తీసుకుంటే స్టేటస్ ఎవరైనా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నంబరివ్వడానికి నసిగితే ఇక నేను చెప్పేదేముంది.

అపోహ: పేపర్లు ఎక్కువ వేసిన లెక్చరర్ గొప్ప రీసెర్చర్

స్కోపస్‌లో (పరిశోధన పత్రికల పెద్ద జాబితా అది) ఉన్న పత్రికే కదా, ఇంకేం చూడాలి అంటారు. హిందావీ అనే ప్రచురణ సంస్థ పత్రికలు కూడా అలాంటి పెద్ద జాబితాల్లో ఉన్నవే. 2023లో ఒక్క ఏడాదే అక్కడ 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. వాటిలో కంప్యూటర్ సైన్స్‌వి బోలెడు. స్కోపస్ కూడా కొన్ని పత్రికలను ఎప్పటికప్పుడు తీసేస్తుంటుంది. మన దేశంలో అందరూ చూపించే యూజీసీ కేర్ అనే పత్రికల జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. పీహెచ్‌డీ ఇవ్వడానికి పేపరు తప్పనిసరి అనే నిబంధనను 2022 నాటికే తీసేసింది. అయినా పోటీ తగ్గలేదు, ప్రమోషన్‌కూ అక్రిడిటేషన్‌కూ అంకెలు కావాలి కదా.

నేను చూసేది చిన్న విషయం. ఆ లెక్చరర్ పేపర్లన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయా, లేక జనవరిలో గుండెజబ్బు, మార్చిలో బ్లాక్‌చెయిన్, జూన్‌లో అరటాకు తెగుళ్లా? పేపరులో పేరున్న విద్యార్థిని పిలిచి డేటా ఎక్కడిదని అడిగితే చెప్పగలడా? రెండో ప్రశ్నకు చాలామంది పిల్లలు నేలచూపులు చూస్తారు.

అపోహ: హ్యాకథాన్‌లో పాల్గొంటే జాతీయ స్థాయి విజయం

హ్యాకథాన్ అంటే ఇచ్చిన సమస్యకు గడువులోగా పరిష్కారం తయారుచేసే పోటీ. జాతీయ స్థాయిలో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ 2017 నుంచి జరుగుతోంది. మొదటి మెట్టు సొంత కాలేజీలో జరిగే ఇంటర్నల్ హ్యాకథాన్. ఆరుగురు జట్టు, అందులో కనీసం ఒక అమ్మాయి. అక్కడ ఎంపికైన జట్లు ఐడియా పంపుతాయి. వడపోత తర్వాత కొన్నే గ్రాండ్ ఫినాలేకు వెళతాయి. సాఫ్ట్‌వేర్ ఫినాలే 36 గంటలు ఏకబిగిన సాగుతుంది. ఫినాలేదాకా వెళ్లడం నిజంగా గొప్పే. ఇంటర్నల్ రౌండ్ ఫొటో జిల్లా పేజీలో "జాతీయ హ్యాకథాన్‌లో ప్రతిభ" అని పడితే మాత్రం నవ్వుకోవాలి.

అపోహ: మన ఊళ్లలో కూర్చుని చెప్పుకోదగ్గ ప్రాజెక్టు చేయలేం

చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి ప్రతి ఫైనలియర్ బ్యాచ్‌లోనూ "ఐఓటీ ఆక్వా మానిటరింగ్" ఒకటైనా తగులుతుంది. వాటిలో చాలావరకు గాజుగ్లాసులో సెన్సర్ ముంచి డెమో ఇచ్చి ముగుస్తాయి. ఒక బ్యాచ్ పిల్లలు మాత్రం ఉండి అనే ఊరి వైపు ఒక వనామి రొయ్యల రైతు దగ్గరకు వెళ్లారు. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, టెంపరేచర్ గ్రాఫులు సెల్‌లో చూపిస్తామన్నారు. ఆయన విని, "అయ్యన్నీ నాకెందుకు బాబూ? తెల్లారగట్ల ఏరియేటర్ ఆగిపోతే నన్ను నిద్దర లేపండి, అది చాలు" అన్నాడు.

ఏరియేటర్ అంటే చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం. ఆ మాట వెనక లెక్క ఉంది. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ (సూక్ష్మమైన నాచు) ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రి తనే పీలుస్తుంది. అందుకే సూర్యుడు పొడిచే ముందు ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే గంటల్లో పంట పోతుంది. పైగా చెరువులో వదిలేసిన డీవో ప్రోబ్‌కు రోజుల్లోనే పాకుడు పట్టి రీడింగ్ తప్పుతుంది. రోజూ దిగి తుడిచేదెవరు?

దాంతో సెన్సర్లన్నీ పక్కనపెట్టి, ఏరియేటర్ ఆగితే ఫోన్ చేసే పెట్టె ఒకటి మొదలుపెట్టారు. మొదట కరెంటు ఉందా లేదా అని మాత్రమే చూసింది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు కరెంటు ఉన్నట్టే ఉండి మోటార్ ఆగింది, పెట్టె పలకలేదు. అప్పుడు మోటార్ వైరుకే కరెంట్ సెన్సర్ తగిలించారు. తర్వాత ఫోన్ కాల్ చేసే సిమ్800ఎల్ మాడ్యూల్ కాల్ కలపబోతూనే రీసెట్ అయ్యేది. దానికి 3.4 నుంచి 4.4 వోల్టులే ఇవ్వాలి, కానీ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డ్యునో (పెట్టెను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) నుంచి తీసిన సప్లయ్‌కి అంత బలం లేదు. వేరే కన్వర్టర్, పెద్ద కెపాసిటర్ పెట్టాక నిలబడింది. అదీ అయ్యాక నెట్‌వర్కే దొరకలేదు. ఆ మాడ్యూల్ 2జీది, పిల్లలు వేసింది జియో సిమ్. జియోకి 2జీ లేదు. సిమ్ మార్చారు.

కోడ్ చూస్తే రెండు మూడు పేజీలు. ఏఐ లేదు, క్లౌడ్ లేదు. మా ఫైల్లో దీనికి గడి కూడా లేదు: పేపరు కాదు, పేటెంటు కాదు, ప్రైజు కాదు. "ఇతరములు" కింద నేనే రాశాను. ఆ జట్టులో ఒకడు ఇంటర్వ్యూలో దాదాపు అరగంట ఆ రీసెట్ గురించే మాట్లాడాడట, మిగతా ప్రశ్నలు అడగనేలేదట.

అపోహ: గేట్ క్వాలిఫై అయితే ఐఐటీ సీటే

గేట్ అంటే ఎంటెక్ ప్రవేశానికి రాసే జాతీయ పరీక్ష. అందులో క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు. సీఎస్ పేపర్‌లో జనరల్ కటాఫ్ ఇటీవల 100కి 30 మార్కుల చుట్టుపక్కలే ఉంది. ఐఐటీ ఎంటెక్ సీటుకు అంతకు రెట్టింపు వచ్చినా గ్యారంటీ లేదు. అయితే క్వాలిఫై అయినవాళ్లను చిన్నచూపు చూడొద్దు. స్కోరు మూడేళ్లు పనికొస్తుంది, మూడో ఏడాదిలోనే రాయొచ్చు. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది.

అపోహ: నాక్‌లో మంచి గ్రేడ్ ఉంటే సీఎస్ఈ బాగున్నట్టే

నాక్ (కాలేజీలకు గ్రేడ్లిచ్చే జాతీయ మండలి) చూసేది కాలేజీ మొత్తాన్ని. బ్రాంచిని విడిగా చూసి గుర్తింపునిచ్చేది ఎన్‌బీఏ అనే జాతీయ బోర్డు. దానికీ గడువుంటుంది, మూడేళ్లో ఆరేళ్లో. గోడమీద సర్టిఫికెట్‌లో బ్రాంచి పేరు, ఏ ఏడాదిదాకా చెల్లుతుందో చూడండి.

అపోహ: ఫ్యాకల్టీ గొప్పతనం ఎన్ని పీహెచ్‌డీలున్నాయన్న దాన్లోనే

పీహెచ్‌డీ కావాలి, కాదనను. కానీ ఏఐసీటీఈ (సాంకేతిక విద్య మండలి) నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎంటెక్ చాలు. ఫస్టియర్‌లో ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూసేది ఎక్కువగా వాళ్లే. పాయింటర్లు అర్థంకాక వణికే పిల్లాడి పక్కన కూర్చునేదీ వాళ్లే. విద్యార్థులు 20 మందికి ఒక టీచర్ ఉండాలి, ఉన్నవాళ్లు నిలకడగా ఉండాలి. ఎన్‌బీఏ వాళ్లు ఫ్యాకల్టీ ఎంతకాలం నిలబడుతున్నారో విడిగా లెక్క అడుగుతారు. మీరూ అడగొచ్చు. ఈ ఏడాది సీఎస్ఈ ఫ్యాకల్టీ జాబితా, మూడేళ్ల కిందటి జాబితా పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్న పేర్ల కింద గీత గీయండి. పది నిమిషాల పని. లేదా సెకండియర్ పిల్లాణ్ని ఎవర్నైనా క్యాంటీన్ దగ్గర ఆపి, గత సెమిస్టర్‌లో ఒకే సబ్జెక్టుకు ఎంతమంది టీచర్లు మారారో అడగండి, వాడే చెబుతాడు.