పురుగు ఒంట్లో చక్కెర, ఒంటి మీద చర్మం: ట్రెహలేజ్ గురించి అపోహలు - వాస్తవాలు

పురుగుల మీద పనిచేయడం నా వృత్తి. వరి మడిలోనైనా, పట్టుపురుగుల షెడ్డులోనైనా నన్ను అడిగే చాలా ప్రశ్నలు తిరిగి తిరిగి ట్రెహలేజ్ అనే ఎంజైమ్ దగ్గరికే వస్తాయి.

అపోహ: పురుగుల రక్తంలోనూ మనలాగే గ్లూకోజే తిరుగుతుంది.

వాస్తవం: ఎక్కువ కీటకాల్లో తిరిగేది ట్రెహలోజ్. అంటే జతకట్టిన రెండు గ్లూకోజ్‌లు. 1957లో వయట్, కాల్ఫ్ అనే శాస్త్రవేత్తలు కీటకాల రక్తంలో దీని సంగతి వివరంగా చూపించారు. ఆ జతను విడగొట్టేదే ట్రెహలేజ్. మన పేగుల్లోనూ ఉంటుంది, పుట్టగొడుగుల్లోని ట్రెహలోజ్ దానివల్లే అరుగుతుంది.

అపోహ: దీని పని శక్తినివ్వడం వరకే.

వాస్తవం: అందరూ ఇక్కడే ఆగిపోతారు, అసలు విషయం దీని తర్వాతే ఉంది. విడిపోయిన గ్లూకోజ్‌లో కొంత, కొన్ని మెట్లు దాటి కైటిన్ అవుతుంది. పురుగు పై తొడుగుకీ, శ్వాసనాళాల లోపొరకీ బలం ఆ కైటినే. తొడుగు ఒక హద్దు దాటి సాగదు, అందుకే పెరగాలంటే కుబుసం విడవాలి. పట్టుపురుగు నాలుగుసార్లు విడుస్తుంది. రైతులు దీన్నే జ్వరం అంటారు. తల పైకెత్తి, ఆకు ముట్టకుండా, దాదాపు ఒక రోజు కదలకుండా ఉంటుంది. కొత్తగా పెంచేవాళ్లు జబ్బేమోనని టెన్షన్ పడి ఆకు వేస్తారు. వేయకండి. పాత చర్మం కింద కొత్తది తయారవుతోంది. దానికి ముడిసరుకు అంతకుముందు తిన్న ఆకే. కాబట్టి జ్వరానికి ముందు మేతలో లోటు రానివ్వొద్దు.

అపోహ: పాముపొడ తెగులుకి కొట్టే వాలిడామైసిన్ మందు ట్రెహలేజ్‌ని ఆపుతుంది కదా, దోమపోటుకీ (వరి రసం పీల్చే సుడిదోమకీ) పనిచేస్తుంది.

వాస్తవం: మొదటి సగం నిజమే. వరికి పాముపొడ తెగులు తెచ్చే శిలీంధ్రంలో (బూజులో) అది అడ్డుకునేది ట్రెహలేజ్‌నే. ల్యాబ్‌లో సుడిదోమ పిల్లల ఒంట్లోకి సూదితో ఎక్కిస్తే కైటిన్ తగ్గి కుబుసం చెడుతుంది. భూతద్దం కింద చూస్తే వీపు చీలి ఉంటుంది, తల బయటికొచ్చి ఉంటుంది, కాళ్లు మాత్రం పాత చర్మంలోనే ఇరుక్కుని ఉంటాయి. కానీ సూదితో ఎక్కించడం వేరు, మడిలో పిచికారీ వేరు. ఇది దోమకు సిఫారసు చేసిన మందు కాదు. పాముపొడకి కొట్టాం, దోమ కూడా పోతుందిలే అని వారం ఆగిన ఒక రైతు మడి నా కళ్లముందే సుడులు సుడులుగా ఎండిపోయింది. ఆ నష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అపోహ: సుడిదోమకు వాడే బుప్రోఫెజిన్ కొట్టిన మర్నాడు దోమ బతికుంటే మందు నకిలీ.

వాస్తవం: ఈ మందు ట్రెహలేజ్ జోలికి పోదు, కైటిన్ తయారీనే దెబ్బతీస్తుంది. పిల్లదోమ తర్వాతి కుబుసం దాకా బతికే ఉంటుంది. రెక్కలొచ్చిన దోమకు ఇక కుబుసం లేదు, అందుకే దానిమీద ఈ మందు పెద్దగా పనిచేయదు. పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడే, మొదళ్లు తడిసేలా కొట్టండి. మూడు నాలుగు రోజులాగి, దుబ్బులు విడదీసి మొదళ్ల దగ్గర చూడండి.