ఆ ఆకుపచ్చ ఎక్కడిది?

ఒంటిమీద దురదకు రాసుకునే గులాబీరంగు కాలమైన్ లోషన్‌లో ఉండేది ముఖ్యంగా జింక్ ఆక్సైడే. దాన్నే నానోకణాలుగా, అంటే మీటరులో వందకోట్లో వంతైన నానోమీటర్లలో కొలిచేంత చిన్న రేణువులుగా తయారుచేసి ఇథనాల్‌లో ఉంచితే మంచినీళ్లలా తేటగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని మా ల్యాబ్‌లో లైట్లన్నీ ఆర్పేసి ఆ సీసాను అతినీలలోహిత దీపం కింద పెడతాం. అంతవరకూ నీళ్లలా ఉన్నది పసుపు కలిసిన ఆకుపచ్చలో వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

లెక్కప్రకారం ఆ రంగు రాకూడదు. జింక్ ఆక్సైడ్ సెమీకండక్టర్, అంటే అందులో ఎలక్ట్రాన్లుండే కింది శక్తిస్థాయికీ పై స్థాయికీ మధ్య ఎడం ఉంటుంది. కాంతి తగిలి పైకెక్కిన ఎలక్ట్రాన్ తిన్నగా కిందికి దిగితే 375 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే కంటికి కనిపించని కాంతి రావాలి. ఆకుపచ్చ ఉండేది 520 ప్రాంతంలో. తరంగం పొడవయ్యేకొద్దీ శక్తి తగ్గుతుంది కాబట్టి దాని శక్తి తక్కువ. చార్మినార్ 149 మెట్లూ ఒక్క ఉదుటున దిగకుండా మధ్యలో ఆగిన మనిషిలా, ఎలక్ట్రాన్ దారిలో ఎక్కడో ఆగింది. ఆ ఆగిన చోటే లోపం. స్ఫటికంలో ఉండాల్సిన ఆక్సిజన్ పరమాణువు లేకపోవచ్చు, జింకే లేకపోవచ్చు. కణం చిన్నదయ్యేకొద్దీ ఈ బెడద పెరుగుతుంది. 3 నానోమీటర్ల కణంలో పరమాణువుల్లో పెద్ద వాటా ఉపరితలం మీదే ఉంటుంది, వాటికి ఒక పక్క తోడు ఉండదు.

స్పెక్ట్రోమీటర్ ఈ కాంతిని రంగురంగులుగా విడదీసి గీత గీసి ఇస్తుంది. అతినీలలోహితంలో సన్నని శిఖరం, ఆకుపచ్చలో వెడల్పాటి గుట్ట. ఆ గుట్టను చూడగానే ‘ఆక్సిజన్ ఖాళీ’ (ఆక్సిజన్ పరమాణువు లేని చోటు) అని రాసేయడం చాలామందికి అలవాటు. అది తొందరపాటని నా గట్టి అభిప్రాయం. జింక్ ఖాళీలు కారణమన్నవాళ్లున్నారు, లేశమాత్రంగా కలిసిన రాగి కారణమన్నవాళ్లూ ఉన్నారు. దశాబ్దాలుగా ఈ వాదన తెగలేదు.

ఈ కణాల పొడిని ఆక్సిజన్‌లో వేడిచేసి చూడొచ్చు కదా అనిపిస్తుంది. ఆకుపచ్చ తగ్గితే ఖాళీలు నిండినట్టేగా! కానీ వేడికి కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి, ఉపరితలం వాటా తగ్గుతుంది. వెలుగు తగ్గింది ఖాళీ నిండినందుకా, ఉపరితలం తరిగినందుకా? ఆ ఒక్క గీతను బట్టి చెప్పలేం. అందుకే మా విద్యార్థులు వేడిచేసిన పొడిని ముందు ఎక్స్‌రే యంత్రం దగ్గరికి పట్టుకెళ్లి కణాల సైజు తేల్చుకుంటారు. స్పెక్ట్రోమీటర్ వంతు ఆ తర్వాతే.